పహణిలో పేరు లేనివారి సేద్యం



పావగడ తాలూకాను మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్నది. పాలన కన్నడంలో సాగుతుంది. పొలం మాట మాత్రం చాలా ఊళ్ళలో తెలుగే. ఉత్తర పినాకిని ఈ నేల మీదుగా పోతున్నా, ఏడాదిలో ఎక్కువ కాలం అందులో కనిపించేది ఇసుకే. బోరు వేస్తే నీరు పడదు. పడినా పలుచోట్ల అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అందువల్ల ఇక్కడి మెట్ట రైతు ప్రధానంగా వేరుశనగను నమ్ముకొన్నాడు. పూత తరువాత ఊడలు భూమిలోకి దిగే రోజుల్లో ఒక్క వాన తప్పితే నేల గట్టిపడుతుంది. ఊడ దిగదు, కాయ కట్టదు. విత్తనానికి చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

ఇటువంటి చోట ఎండనే పంటగా తీయాలన్న ఆలోచన పుట్టింది. 2015లో ఏర్పడిన కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థ తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో దాదాపు 13,000 ఎకరాలను కౌలుకు తీసుకొన్నది. 2018 మార్చి 1న ప్రారంభమైన సోలార్ పార్కు మరుసటి ఏడాది చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. భూమిని కొనలేదు, హక్కును రైతుకే ఉంచారు. ఇది మెచ్చదగిన పద్ధతి. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్ళకొకసారి అయిదు శాతం పెరిగే కౌలు అది. వానతో నిమిత్తం లేని ఆదాయాన్ని ఎంచుకొన్న రైతును తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే అంగడిలోని ధరలకు రెండేళ్ళు ఆగే ఓపిక ఉండదు.

అసలు చిక్కు వేరొకటి ఉన్నది. చేను ఎన్నడూ ఒక్క ఇంటినే పోషించలేదు. కలుపు తీసినవారికి, చెట్లు పెరికి కాయలు కోసినవారికి కూలి ముట్టేది. పంట ఎత్తిన చేలో పరిగె ఏరుకొన్న ముసలమ్మకు కొన్నాళ్ళు కూరలోకి గింజలు దొరికేవి. వేరుశనగ కట్టె పశువులకు మేత. గొర్రెల కాపరి రాత్రివేళ చేలో మంద నిలిపితే రైతుకు ఎరువు, కాపరికి ధాన్యమో రొక్కమో. ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళు ఏ పహణిలోనూ లేవు. కౌలు లెక్క కట్టినప్పుడు పహణిలో పేరు ఉన్నవారే లెక్కకు వచ్చారు. కంచె పడిన తరువాత మిగిలినవారికి పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి కొద్ది పనులే మిగిలాయి. అవి దొరకనివారికి వలస దారి.

వ్యవసాయమంటే తిండిగింజల ఉత్పత్తి అని కొందరు నిర్వచిస్తారు. కరవు ఏళ్ళలో పావగడ పంటను తూకం వేస్తే ఆ నిర్వచనం తేలిపోతుంది. సెంటు భూమి లేనివారిని సైతం ఊరిలో నిలిపి ఉంచినది ఆ బక్క పంటే.

2019లో కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్ పథకం, సాగుభూమిలో పలకలను ఎత్తైన స్తంభాలపై నిలిపి, కింద పంట పెట్టుకొనే వీలు కల్పించింది. ఖర్చు ఎక్కువే. కానీ కింద మేత పెరిగినా గొర్రెలకు కంచె లోపల చోటు దక్కుతుంది. ఇకమీదట ఏ గ్రామసభ ముందుకైనా కొత్త కౌలు పత్రం వచ్చినప్పుడు, భూయజమానుల జాబితా పక్కన మరొకటి ఉండాలి: ఆ చేలో కలుపు తీసేది ఎవరు, మంద నిలిపేది ఎవరు, పరిగె ఏరుకొనేది ఎవరు. సంతకాలు ఆ రెండవ జాబితా చదివిన తరువాత.