రేవు నీటిలో కాపురములు

1933లో ఓడల రాకకు తెరువబడిన మన విశాఖ రేవులో ఒక తాటిని కొన్ని వారములు నీట వ్రేలాడదీసి పైకి లాగినయెడల, దానిపై దట్టముగా పెరిగిన నాచును, ఆ నాచు నడుమ పాకు పురుగులను, నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి భుజించు గుల్లలను, ఆ గుల్లలను పగులగొట్టి తినుటకై చేరిన పీతలను ఒక్కచోటనే కాంచగలము. జీవించియున్నపుడు ఆహారమైన గుల్ల, చచ్చిన పిదప తన ఖాళీ చిప్పలో చిన్న ప్రాణులకు ఇల్లగును.

ఈ కాపురమున 1967లో ఒక క్రొత్త చుట్టము, పిలువని పేరంటమే యనుకొనుడు, కానవచ్చెను. అది అమెరికా ఉష్ణమండల తీరములకు చెందిన, బొటనవ్రేలి గోరంత ఆల్చిప్ప; ఓడల అడుగుభాగములను అంటుకొని వచ్చియుండును. ఉప్పు తగ్గినను హెచ్చినను, నీరు మురికియైనను ఓర్చుకొని, గుత్తులు గుత్తులుగా పెరిగి, స్థానిక జీవుల చోటును ఆక్రమించునది. అటుపిమ్మట ముంబయి రేవునందును అది కనబడినది.