తుపాకి లైసెన్సు మనకెందుకివ్వరు?

(ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో రాత్రిపూట జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ మిరపకోతలకు పోయొచ్చి, కడుపుకింత తిన్నారో లేదో, ఇక్కడ కూచున్నారు. పెద్ద ఉపన్యాసం ఇవ్వను. పోయిన నెల మీ పల్లె కుర్రాళ్ళు నలుగురు మా ఇంటికొచ్చారు. "అన్నా, నీ దగ్గర లైసెన్సు రివాల్వరుండేదంట గదా. మాక్కూడా ఇప్పించు. ఎట్టాంటిది కొనాలో, నడుముకెట్టా పెట్టుకోవాలో చెప్పు" అన్నారు. నేను నవ్వలేదు. వాళ్ళు సరదాకి అడగలేదు. చెరువుకట్ట మీద మన పిల్లవాణ్ణి కొట్టి, "కేసు పెడితే రాత్రికి పల్లె ఉండదు" అన్నాక అడిగారు. ఆ మాటకి జవాబు చెప్పటానికే వచ్చాను.

ముందు చరిత్ర ఒక్క ముక్క. ఈ దేశంలో ఆయుధం ఎవరి చేతిలో ఉండాలనేది ఎప్పుడూ కులం చూసే నిర్ణయించారు. 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం చేసి దేశాన్నంతా నిరాయుధం చేశారు. 1890ల మొదట్లో మహర్లను సైన్యంలో చేర్చుకోవటం ఆపేశారు. అంబేద్కర్ తండ్రి సైన్యంలో సుబేదారు. ఆ కొలువు కొడుకుల తరానికి మూసేశారు. మళ్ళీ మహర్ రెజిమెంటు వచ్చింది 1941లో, అదీ యుద్ధం నెత్తిమీదికొచ్చి మనుషులు కావలసొచ్చినప్పుడు. దేశం కోసం తుపాకి పట్టటానికి పనికొచ్చినవాడు తన గుడిసె కోసం పట్టుకుంటే మాత్రం శాంతిభద్రతల సమస్య అవుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం మీకు తెలుసు. దానికి 1995 మార్చి 31న నియమాలు చేశారు. ఆ మూడో నియమం చాలామంది వకీళ్ళు కూడా చదవరు. అత్యాచారం జరగొచ్చని అనుమానమున్న ప్రాంతాన్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. గుర్తించాక, అవసరమనుకుంటే, దళితుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా దళితులకు ఆయుధ లైసెన్సులివ్వాలి. ఇది నా మాట కాదు, కేంద్ర ప్రభుత్వం అచ్చేసిన మాట. దానికంటే ముందున్న క్లాజు ఇంకా ముఖ్యం. దళితులు కానివాళ్ళ లైసెన్సులు, వాళ్ళ దగ్గరి బంధువులవి, నౌకర్లవి, కుటుంబ స్నేహితులవి కూడా, అవసరమైతే రద్దుచేసి ఆ తుపాకుల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టాలి. దొంగ తుపాకులు స్వాధీనం చేసుకోవాలి. ప్రత్యేక పోలీసు బలగాన్ని దించాలి.

"అవసరమనుకుంటే" అన్న ఆ ఒక్క మాట దగ్గరే మన కొంప మునిగింది. అనుకోవాల్సినవాడెవడు? కలెక్టరుకి రిపోర్టు పంపేదెవరు? పెద్ద కామందు వరండాలో కాఫీ తాగొచ్చిన సబిన్స్‌పెక్టరే. అందుకని మన అర్జీలో మొదటి మాట "మాకు తుపాకివ్వండి" అని ఉండకూడదు. "మా ఊరిని అత్యాచార ప్రమాదమున్న ప్రాంతంగా గుర్తించండి" అని ఉండాలి. రెండో మాట, "వాళ్ళ తుపాకులు దించండి". మూడో మాట మన లైసెన్సు. ఈ వరస తప్పితే మీ అర్జీ అవతలవాడికి అస్త్రం అవుతుంది. "చూడండయ్యా, పల్లెవాళ్ళు తుపాకులు అడుగుతున్నారు" అని వాడే ముందు పోలీసుస్టేషనుకి పరిగెడతాడు.

రివాల్వరే కావాలంటే లైసెన్సు 1959 ఆయుధాల చట్టం కిందే రావాలి. ఇచ్చేది కలెక్టరు. కమిషనరేటు ఉన్నచోట పోలీసు కమిషనరు. 21 ఏళ్ళు నిండాలి. తుపాకి వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. "నీకు ఎకరం పొలం లేదు, నీకెందుకురా తుపాకి" అని గుమాస్తా అంటాడు. నన్నూ అన్నాడు. చట్టం 14వ సెక్షనులో స్పష్టంగా రాసుంది: చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదు. కాదంటే కారణం రాతపూర్వకంగా ఉండాలి, దాని మీద అప్పీలుకు పోవచ్చు. ఆ సెక్షను నెంబరు చెప్పినరోజు ఆ గుమాస్తా మొదటిసారి నన్ను "కూచోండి" అన్నాడు.

ఇంకొక గోతి ఉంది, ఇది బాగా వినండి. ఊళ్ళో గొడవ జరగ్గానే పోలీసులు రెండు పక్షాల్నీ బైండోవర్ చేస్తారు. కొట్టినవాడూ, దెబ్బలు తిన్నవాడూ ఒకే కాగితం మీద సంతకం. మనవాళ్ళు "సంతకమేగా" అని పెట్టొస్తారు. శాంతి కోసం బాండు రాసివ్వమని ఆర్డరు పడినవాడు ఆ గడువు ముగిసేదాకా లైసెన్సు తీసుకోవటానికి వీల్లేదు, తుపాకి దగ్గరుంచుకోవటానికీ వీల్లేదు. కౌంటరు కేసులో శిక్ష పడితే ఇంక చెప్పనక్కర్లేదు. అందుకే వకీలు లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని మా సంఘం ఇన్నేళ్ళుగా చెప్తోంది.

ఏ తుపాకి అంటారా. మన దేశంలో మామూలు మనిషికి 9 ఎం.ఎం. పిస్తోలు దొరకదు, అది నిషిద్ధ రకం. దొరికేది .32 రివాల్వరు, కాన్పూరు ఆర్డినెన్సు ఫ్యాక్టరీది. ఆరు గుళ్ళు. 2014లో ఆడవాళ్ళ కోసమని "నిర్భీక్" అని అర కిలో బరువున్నది తెచ్చారు. ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు! ఏ ఆడకూతురి కోసం చేశారో మిరపకోతలకు పోయే మా అక్కల్ని అడగాలి. ఇంటి రక్షణకైతే పన్నెండు బోరు గన్ను చవక, లైసెన్సు రావటం కూడా కాస్త సులువు. అది భుజాన వేసుకుని బస్సెక్కలేరు, కానీ గుడిసెలో ఉన్నవాడికి అదే ఎక్కువ పనికొస్తుంది. మళ్ళీ చెప్తున్నా, నాటు తుపాకి జోలికి పోవద్దు. అది మన చేతిలోనే పేలుద్ది, పేలకపోయినా కేసవుద్ది. ఆ కేసుతో మన అత్యాచారం కేసు నీరుగారిపోద్ది. అవతలవాడు కోరుకునేది అదే.

నేను ఆరేళ్ళు పెట్టుకు తిరిగాను. ఆ అనుభవం దాచుకోకుండా చెప్పాలి. మొదటివారం నిద్రపట్టలేదు. చెయ్యి ఊరికే నడుము దగ్గరికి పోయేది. టీకొట్టు దగ్గర నేను పోగానే మాటలాగిపోయేవి. మొదట గర్వమనిపించింది, తర్వాత మనవాళ్ళు కూడా నా పక్కన కూచోటానికి జంకుతున్నారని తెలిసింది. నలుగురిలో దాన్ని తీసి చూపించకూడదు, ఒరలో భద్రంగా ఉండాలి, ఇది నియమమే. పెళ్ళిలో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళదాకా జైలు. నేను తాగుడు మానేసింది తుపాకి వల్లే, మా ఆవిడ ఇప్పటికీ ఆ ఒక్క మేలు చెప్తుంది. ఇంట్లో ఒకే గది, ముగ్గురు పిల్లలు. గుళ్ళు ఒకచోట, తుపాకి ఒకచోట, ఇనప్పెట్టె తాళం నా మొలతాడుకి. ఒకరోజు స్నానానికి పోయి మర్చిపోతే చిన్నాడు తాళంతో ఆడుతున్నాడు. ఆ రోజు నా కాళ్ళు వణికినట్టు కామందు మనుషుల్ని చూసి ఎప్పుడూ వణకలేదు.

అసలు దెబ్బ పంచాయతీ ఎన్నికలప్పుడు తగిలింది. మా ఊరు రిజర్వుడు సీటు. మా మనిషి నామినేషన్ వేశాడు. కోడు రాగానే లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్లో డిపాజిట్ చెయ్యమని ఆర్డరు వచ్చింది. ఇచ్చి రసీదు తీసుకున్నాను. వారం తిరక్కుండా రాత్రిపూట మా ఇంటిమీద రాళ్ళు పడ్డాయి. లక్ష రూపాయల తుపాకి స్టేషను బీరువాలో ఉంది, నా చేతిలో రసీదుంది! ఆ రాత్రి నన్ను కాపాడింది పల్లె ఆడవాళ్ళు. పొయ్యిలో కొరకంచులు పట్టుకుని సందు మొగదల నిలబడ్డారు. వచ్చినవాళ్ళు ఇరవై మంది, వీళ్ళు అరవై మంది.

అట్లాగని తుపాకి దండగ అని నేననను. 1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్ళతో, బరిసెలతో వచ్చి ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్ళో ఉండగానే ఎనిమిది మందిని పొలాల్లో వేటాడి నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. బీహారులో లక్ష్మణపూర్ బాథేలో 1997 డిసెంబరు 1న 58 మందిని కాల్చి చంపారు. ఆ కేసు కూడా 2013లో హైకోర్టులో కొట్టేశారు. ఇవన్నీ చూసినవాడు ప్రాణానికి ఏదో ఒక ఆసరా అడిగితే తప్పెట్లా అవుద్ది? ఆత్మరక్షణ హక్కు పాత శిక్షాస్మృతిలో ఉంది, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో అట్లాగే ఉంది. ప్రాణం పోతుందన్న నిజమైన భయముంటే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు పోతుంది. కానీ కావలసినదానికంటే ఎక్కువ దెబ్బ కొట్టకూడదు, పారిపోతున్నవాణ్ణి వెనకనుంచి కాల్చకూడదు. చుండూరులో ఒక్కడి నడుముకి రివాల్వరుంటే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. ఆరు గుళ్ళు, ఎదురుగా వందలమంది. నాకు జవాబు తట్టలేదు.

అందుకని నలుగురు కుర్రాళ్ళకి నా మాట ఇది. లైసెన్సుకి మీ పేర్లు నలుగురివీ వద్దు. పెళ్ళాం పిల్లలున్నవాడు, తాగనివాడు, కేసుల్లేనివాడు ఒక్కడి పేరు పల్లె అంతా కలిసి చెప్పండి. మిగతా ముగ్గురూ అవతలవాళ్ళ దగ్గరున్న లైసెన్సు తుపాకుల లెక్క తీయండి. సమాచార హక్కు అర్జీ పెట్టండి. పేర్లివ్వమంటే, సంఖ్యన్నా ఇస్తారు. ఊళ్ళో ఎవరింట్లో ఏ తుపాకి ఉందో మన పాలేర్లకి తెలియనిదా!

సోమవారం గ్రీవెన్సుకి ట్రాక్టరు మాట్లాడాను, పొద్దున ఆరింటికి చింతచెట్టు దగ్గరికి రండి. అర్జీ మూడు కాపీలు రాసి తెచ్చాను. సంతకం రానివాళ్ళు వేలిముద్ర ఇప్పుడే వెయ్యండి, సిరా నా దగ్గరుంది. ఆడవాళ్ళు ముందు వెయ్యండి.