మన ఫైలు ఎవరు చూడాలి?

(సూరత్ నవాగామ్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది అమ్మానాన్నలు మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చినవాళ్లే. వాళ్లతో కుల ధ్రువపత్రం వచ్చింది గానీ దాని బలం రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయినంత మాత్రాన మహారాష్ట్రలో ఎస్టీ కాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ముంబయిలో మెడికల్ సీటు అడిగిన తెలుగు విద్యార్థి కేసే. అందుకే వలస కుటుంబాల పిల్లల ఫైలు లావుగా ఉంటుంది. ఎంత లావైతే అన్ని కళ్లు దాని మీద పడతాయి.

నేను చదివిన కాలేజీలో స్కాలర్‌షిప్ జాబితాను నోటీసు బోర్డుకు అంటించేవాళ్లు. పేరు, కులం, తండ్రి ఆదాయం. మధ్యాహ్నానికల్లా క్లాసంతా చదివేసేది. తర్వాత ల్యాబ్‌లో ఎవరి పక్కన ఎవరు నిలబడేవాళ్లో మీకు చెప్పక్కర్లేదు. ఆ కాగితం మేం ఆఫీసుకిచ్చాం, క్లాసుకు కాదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. తన జవాబుపత్రం తాను చూసుకునే హక్కు విద్యార్థికుందని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసు చెప్పింది. రెండూ కలిపి చదవండి: మన రికార్డు ఇతరులకు మూసి ఉండాలి, మనకు తెరిచి ఉండాలి. జరిగేది తలకిందులు. గోడ మీద అందరికీ కనబడుతుంది, మనం కాపీ అడిగితే గుమస్తా రేపు రమ్మంటాడు. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2016లోనే చెప్పినా ఫీజు బకాయి పేరుతో బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లున్నారు.

2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. వివక్షకు జవాబు చెప్పాల్సినవాళ్లు అతని కులపత్రాన్నీ, వాళ్లమ్మ కులాన్నీ తవ్వారు. 2024 మేలో బయటికొచ్చిన పోలీసు నివేదిక కూడా అతను ఎస్సీ కాదంది. నిరసనలొచ్చాక మళ్లీ దర్యాప్తు అన్నారు. ఒక విద్యార్థి ఫైలు చావు తర్వాత కూడా అతని మీదే సాక్ష్యం చెప్పింది.

అయితే గోప్యత పేరుతో లెక్కలు దాస్తామంటే ఒప్పుకోకండి. 2023 డేటా రక్షణ చట్టం ఆర్టీఐ 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారం అని ఒక్క మాట రాసి తిప్పి పంపడం తేలికైంది. ఎన్ని ఎస్సీ సీట్లు ఖాళీ, ఎంతమంది మధ్యలో మానేశారు? ఇవి ఎవరి సొంత విషయమూ కాదు. పేర్లొద్దు, సంఖ్యలివ్వండని అడగండి. కాదంటే 8(2) కింద ప్రజాప్రయోజనం చూపించి అప్పీలు చేయండి.

నా ఫైల్లో ఏమున్నాయి, ఎవరికిచ్చారు అని ఈ నెలలోనే ఆఫీసులో రాసివ్వండి, ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి. గుజరాతీలో రాయడం కష్టమైతే ఆగండి, కూర్చుని రాద్దాం. తెల్లకాగితాలు తెచ్చాను.