లైటు వేద్దామా, తెరుద్దామా?



పిల్లవాడు ఇంగ్లీషులో “డ్రింక్ సిగరెట్” అంటే నవ్వకండి. తెలుగులో సిగరెట్టు తాగుతాము. బర్మా భాషలోనూ ‘తౌక్’ అంటే తాగడమే. ఆ మాట ఏ భాషనుండి వచ్చినదో తేల్చలేము.

దీపం సంగతి వేరు. మనము లైటు వేస్తాము, బర్మావారు ‘ఫ్విన్’ అని తెరుస్తారు, ఇంగ్లీషువారు తిప్పుతారు. కనుక “పుట్ ద లైట్” అన్న బిడ్డ తెలుగులో తలచినాడు. “ఓపెన్ ద లైట్” అన్న బిడ్డ బర్మా భాషలో తలచినాడు.

పరీక్షలో రెండూ తప్పులే, దిద్దవలసినవే. బర్మా భాష మనకు అన్నం పెట్టిన భాష, అదీ రావలసినదే. కాని ‘పుట్’ పోయి ‘ఓపెన్’ ఒక్కటే మిగిలిననాడు, కాకినాడ, విశాఖ రేవులలో ఓడ ఎక్కిన పూర్వులు తెచ్చిన దీపం మన ఇంట కొండెక్కుతున్నదని గ్రహించండి.

మింగళాడోన్ తల్లిదండ్రులారా, పిల్లలను సాయంకాలపు తెలుగు తరగతికి పంపండి. సెలవు.