రొమ్ము కేన్సరు అంటువ్యాధి కాదు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రొమ్ము కేన్సరును గురించి మాట్లాడతామన్నప్పుడు "ఆడవాళ్ళ జబ్బు, సభలో ఎట్లా?" అని కొందరు సందేహించారు. మన దేశంలో స్త్రీలకు వచ్చే కేన్సర్లలో దీనిదే మొదటి స్థానం. పేరు పలకడానికే సిగ్గుపడితే వైద్యం ఎప్పుడు చేయించుకుంటాం? అందుచేత సూటిగానే చెబుతాం.

ఒక ఇంట్లో మేము చూసిన సంగతి. రొమ్ముకు ఆపరేషన్ అయిన పెద్దావిడకు ఇంటివారు పళ్ళెం, గ్లాసు వేరుగా పెట్టారు. మనుమరాలిని ఆమె ఒళ్ళోకి ఇవ్వడం లేదు. పైగా ఆమె కూతురు తన మూడు నెలల పాపకు పాలివ్వడం మానేసి డబ్బాపాలు పడుతోంది. ఎందుకమ్మా అని అడిగితే, "కేన్సరు వైరస్ వల్ల వస్తుందట గదా డాక్టరుగారూ! నేను అమ్మీ పాలు తాగి పెరిగినదాన్నే. ఇప్పుడు నా పాపకు కూడా..." అని ఏడ్చేసింది.

ఆ అమ్మాయి విన్నదానికి కొంత ఆధారం లేకపోలేదు. 1936లో అమెరికాలో జాన్ బిట్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద పరీక్షలు చేశాడు. కేన్సరు ఎక్కువగా వచ్చే జాతి ఎలుక పిల్లలను పుట్టగానే విడదీసి, కేన్సరు అరుదుగా వచ్చే జాతి తల్లుల పాలు తాగించాడు. ఆ పిల్లలకు పెద్దయ్యాక కేన్సరు బాగా తగ్గింది. అంటే తల్లిపాలలో ఏదో ఉన్నదన్నమాట. అది వైరస్ అని తరువాత తేలింది.

ఎలుకల్లో ఉన్నది మనుషుల్లోనూ ఉన్నదేమోనని వెతికారు. బొంబాయి పార్సీ స్త్రీలలో ఈ జబ్బు ఎక్కువ గనుక వారి పాలను కూడా పరీక్షించి, ఎలుక వైరస్‌ను పోలిన కణాలు కనిపించాయని 1971లో ప్రకటించారు. అయితే అటువంటి కణాలు జబ్బు లేని స్త్రీల పాలలోనూ కనిపించాయి. 1995లో న్యూయార్కు పరిశోధకులు మూడింట ఒకవంతుకు పైగా రొమ్ము కేన్సరు గడ్డల్లో ఆ వైరస్ జన్యువును పోలిన తునకలు దొరికాయన్నారు. వేరే లాబొరేటరీల్లో కొందరికి దొరికాయి, కొందరికి దొరకలేదు. పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది. కాని మనుషులలో రొమ్ము కేన్సరుకు ఫలానా వైరస్ కారణమని ఇంతవరకు రుజువు కాలేదు.

కొన్ని కేన్సర్లకు వైరస్ కారణమన్న మాట నిజమే. గర్భాశయ ముఖద్వార కేన్సరుకు పాపిల్లోమా వైరస్ కారణమని నిరూపించిన హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి టీకా ఉంది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ లోపు వేయించడం మంచిది. అయినా ఆ కేన్సరు సైతం పళ్ళెం వల్ల, గ్లాసు వల్ల అంటుకునేది కాదు.

ఇక తల్లిపాల సంగతి. 30 దేశాలలో జరిగిన 47 పరిశోధనలను కలిపి 2002లో లెక్క కట్టారు. బిడ్డకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకు తల్లికి రొమ్ము కేన్సరు ముప్పు 4 శాతానికి పైగా తగ్గుతుందని తేలింది. అంటే ఆ అమ్మాయి భయపడి మానేసినది తనకు మేలు చేసేదే! తల్లికి కేన్సరు వచ్చిందని కూతురు తన బిడ్డకు పాలు మానరాదు. కేన్సరు మందులు వాడుతున్న తల్లి మాత్రం డాక్టరును అడగకుండా పాలివ్వరాదు.

కొన్ని కుటుంబాలలో ఈ జబ్బు జన్యువుల ద్వారా వచ్చే మాట వాస్తవమే. అది అంటుకోవడం కాదు. అటువంటి ఇంటి ఆడవాళ్ళు ముందుగానే పరీక్ష చేయించుకోవాలి.

అక్కలారా, రొమ్ములో నొప్పిలేని గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా దాచకండి. లేడీ డాక్టరు దగ్గరికే వెళ్ళండి. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. అన్నలారా, ఆమెను తీసుకువెళ్ళే బాధ్యత మీది.

ఆ పెద్దావిడ ఇంటికి మేము మరోసారి వెళ్ళాం. ఆమె గ్లాసులోనే మంచినీళ్ళు అడిగి తాగాం. కోడలు చూస్తూ నిలబడింది. కాసేపటికి పాపను తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టింది. మన ఇళ్ళలో ఎక్కడైనా అటువంటి వేరు గ్లాసు ఉంటే, ఈ రాత్రే దాన్ని మిగతా వాటిలో కలిపేయండి.