నలభై ఒక్కరే ఉన్నారు

పోయిన ఎపిసోడ్‌లో తరగతి గది గురించి మాట్లాడుకున్నాం. ఈరోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం గురించి చెప్తాను.

మాది దబీర్‌పురా. దర్వాజాకి దగ్గర్లోనే ఇల్లు. చిన్నప్పుడు మాకు జూ అంటే బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జూ పార్కే. 1963లో తెరిచారు, 380 ఎకరాలు. అమ్మ పులిహోర కట్టేది, పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేవాళ్లం. అందుకే అబుదాబిలో టీచర్‌గా ఉన్నప్పుడు, నాలుగో తరగతి పిల్లల్ని అల్ ఐన్ జూకి తీసుకెళ్లాలంటే ముందు చెయ్యెత్తింది నేనే. ఇందులో పెద్ద కష్టమేముంది అనుకున్నా.

నలభై రెండు మంది పిల్లలు, ముగ్గురు టీచర్లం. బస్సు దిగగానే లెక్కపెట్టాం, సరిపోయింది. జిరాఫీల దగ్గర మళ్లీ లెక్కపెడితే నలభై ఒక్కరే! ఇంకోసారి లెక్కపెట్టా. నలభై ఒక్కరే. నా కాళ్లు వణికాయండీ, అబద్ధం చెప్పను.

ఒక టీచర్ పిల్లల్ని నీడలో కూర్చోబెట్టింది. ఇంకొకామె సెక్యూరిటీ వాళ్లకి చెప్పింది. నేను వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తా. పాప ఒరిక్స్‌ల కంచె దగ్గర నిలబడి బోర్డు చదువుతోంది. తెల్లటి ఒళ్లు, పొడవాటి కొమ్ములు, ఎడారి జింకలాంటి జంతువు అది. గట్టిగా తిట్టేశా. పాప ఏడవలేదు. "మిస్, ఇవి బయట మొత్తం అయిపోయాయంట. మరి మళ్లీ ఎట్లా వచ్చాయి?" అంది.

నాకు తెలీదు. ఆ కంచె దగ్గర పిల్లలకి నేనిచ్చింది రెండే నిమిషాలు. టైముకి అన్నీ చూపించెయ్యాలన్న తొందర.

రాత్రి కూర్చుని చదివా. బండ్లలో తరిమి తుపాకులతో కాల్చి, 1972 కల్లా అడవిలో ఒక్కటీ లేకుండా చేశారు. కానీ అప్పటికే కొన్నింటిని అమెరికాలోని ఫీనిక్స్ జూలో పెంచుతున్నారు. వాటి సంతానాన్ని 1982లో ఒమన్ ఎడారిలో వదిలారు. తర్వాత అక్కడ మళ్లీ వేటగాళ్లు పడి చాలా నష్టం చేశారు. అయినా వేరే దేశాల్లోనూ వదులుతూ వచ్చారు. 2011 నాటికి ముప్పు ఒక మెట్టు తగ్గిందని ప్రకటించారు.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పా. అదే పాప మళ్లీ చెయ్యెత్తింది. "జూలో పుట్టినదానికి ఎడారి ఎట్లా తెలుస్తుంది మిస్?" మంచి ప్రశ్న. ఒక్కసారిగా వదల్లేదమ్మా, ముందు పెద్ద ఆవరణలో ఉంచి అలవాటు చేశారు, అక్కడి హరాసిస్ తెగవాళ్లు కాపలా కాశారు అని చెప్పా. క్లాసయ్యాక మెల్లగా వచ్చి, "మేం వచ్చే ఏడాది హైదరాబాద్ వెళ్లిపోతున్నాం మిస్. నేనక్కడ ఎప్పుడూ ఉండలేదు" అంది. ఆ కంచె దగ్గర ఎందుకు ఆగిపోయిందో నాకప్పుడు అర్థమైంది. ముందురోజు తిట్టినందుకు సారీ చెప్పా.

ఇప్పుడు దబీర్‌పురా పిల్లల్ని నెహ్రూ జూకి తీసుకెళ్తుంటా. మూడు సంగతులు మాత్రం తప్పను. ఒకటి, పిల్లల్ని జతలు కడతా. నీ జతగాడు కనపడకపోతే వెంటనే అరువు అని చెప్తా. రెండు, ఒక టీచర్ ఎప్పుడూ అందరికన్నా వెనకే నడవాలి. మూడు, అన్నీ చూపించను. నాలుగైదు జంతువులే, ఒక్కోదాని దగ్గర పావుగంట. కొంతమంది తల్లిదండ్రులు "సింహం దగ్గరికి తీసుకెళ్లలేదంట" అని అడుగుతారు. పర్లేదు, సింహం ఎక్కడికీ పోదు.

అన్నట్టు, సోమవారం జూకి సెలవు. బస్సు మాట్లాడుకునే ముందు చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.