రొయ్య పొట్టు – ఎంజైముల పనితనం

భీమవరం ప్రాంతంలో రొయ్యలు శుద్ధి చేసేచోట తలకాయలు, పొట్టు గుట్టలుగా మిగులుతాయి. ఆ పొట్టులో కైటిన్ ఉంటుంది. చక్కెర జాతి అణువులు వరుసగా కలిసిన పొడవాటి గొలుసు అది. దాన్ని ఘాటైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ అవుతుంది. కానీ కైటోసాన్ మామూలు నీటిలో కరగదు.

ఇక్కడే ఎంజైములు అక్కరకొస్తాయి. కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే కైటోసనేజ్, ఒక్కో లంకె దగ్గర నీటి అణువును చేర్చి గొలుసును తెంచుతుంది. ఘాటైన ఆమ్లమూ తెంచుతుంది గానీ, ముక్కల పరిమాణం అదుపులో ఉండదు. ఎంజైముకు గోరువెచ్చని వేడి చాలు. తగిన సమయంలో మరిగిస్తే చర్య ఆగిపోతుంది. ఆ చిన్న ముక్కలు నీటిలో సులువుగా కరుగుతాయి, మొక్కల్లో తెగుళ్లను ఎదిరించే స్పందనను మేల్కొలుపుతాయి.

రొయ్య పొట్టును కాలువల పాలు చేయకండి. అది విలువైన ముడిసరుకు.